జీడబ్ల్యూ151226: టెంప్లేట్‌లో స్పిన్ పెట్టినా ఎస్ఎన్ఆర్ పెరగడం లేదు, ఎక్కడ తప్పుతోంది?

బ్రాడీపేట_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు మాది, నలుగురం. స్పిన్ ఉన్న జంట కృష్ణబిలాల గురుత్వ తరంగాన్ని లైగో (అమెరికాలోని గురుత్వ తరంగ డిటెక్టర్లు) బహిరంగ డేటాలోంచి మ్యాచ్డ్ ఫిల్టర్‌తో, అంటే ఊహించిన తరంగాకారాన్ని (టెంప్లేట్‌ని) డేటాతో పోల్చి, బయటికి తీయాలన్నది పని. 2015 డిసెంబర్ 26న దొరికిన జీడబ్ల్యూ151226 తీసుకున్నాం. రెండు కృష్ణబిలాల్లో కనీసం ఒకదాని స్పిన్ 0.2 కంటే ఎక్కువని ఆ ఆవిష్కరణ పత్రంలోనే ఉంది.

ఇప్పటిదాకా చేసింది: హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ డిటెక్టర్ల 32 సెకన్ల ఫైళ్లు దించుకున్నాం. 15 హెర్ట్జ్ దగ్గర హైపాస్ చేసి (అంతకంటే కింది పౌనఃపున్యాలు తీసేసి), నమూనాల రేటు 4096 నుంచి 2048కి తగ్గించాం. 4 సెకన్ల ముక్కలతో పీఎస్‌డీ (ఏ పౌనఃపున్యంలో నాయిస్ ఎంతన్న లెక్క) వేశాం. పైసీబీసీ అనే పైథాన్ ప్యాకేజీలో ఐఎంఆర్‌ఫినామ్‌డీ అనే తరంగ నమూనాతో టెంప్లేట్, ద్రవ్యరాశులు 14.2, 7.5 (సూర్యుడి లెక్కలో), స్పిన్ సున్నా.

హాన్‌ఫర్డ్‌లో ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత బలమో చెప్పే అంకె) 10.5 రావాలి. మాకు 5 దగ్గరే ఆగుతోంది, అదీ సరైన సమయంలో కాదు. రెండిటికీ స్పిన్ 0.2 పెట్టి చూశాం, పెద్ద తేడా లేదు. టెంప్లేట్‌ని 10 హెర్ట్జ్ నుంచి మొదలుపెడితే అంచుల్లో పెద్ద పెద్ద శిఖరాలు లేస్తున్నాయి. కక్ష్యాతలం ఊగడాన్ని, అంటే పురస్సరణాన్ని కూడా కలిపిన టెంప్లేట్ వాడితే తప్ప ఇది రాదా? ఎక్కడ మొదలుపెట్టి సరిచూసుకోవాలో చెప్పగలరు.

కృష్ణలంక

పురస్సరణం జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్పిన్ కూడా కాసేపు పక్కన పెట్టండి. మీ ద్రవ్యరాశులు తప్పు.

14.2, 7.5 అన్నవి ఆ జంట ఉన్న చోటి విలువలు. తరంగం దాదాపు 440 మెగాపార్సెక్‌లు ప్రయాణించి వచ్చేసరికి విశ్వ వ్యాకోచం వల్ల రెడ్‌షిఫ్ట్ 0.09 అయింది. పౌనఃపున్యం అంత మేరకు తగ్గి, కాలం అంత మేరకు సాగి మనకు చేరుతుంది. డిటెక్టర్‌కి ఆ జంట 1.09 రెట్లు బరువుగా కనిపిస్తుంది. అందుకే టెంప్లేట్‌కి 15.5, 8.2 ఇవ్వాలి. చిర్ప్ ద్రవ్యరాశి (రెండు ద్రవ్యరాశులనీ కలిపి తీసే అంకె, పౌనఃపున్యం ఎంత వేగంగా పెరుగుతుందో నిర్ణయించేది) 8.9 కాదు, 9.7.

9 శాతమే కదా అనిపిస్తుంది, కానీ మ్యాచ్డ్ ఫిల్టర్ చూసేది దశని. 20 హెర్ట్జ్ నుంచి విలీనం దాకా చిర్ప్ ద్రవ్యరాశి 9.7కి సుమారు 160 చక్రాలు వస్తాయి. చక్రాల సంఖ్య చిర్ప్ ద్రవ్యరాశి 5/3 ఘాతానికి విలోమంగా మారుతుంది. 9 శాతం తప్పితే చక్రాల్లో 15 శాతం, అంటే ఓ 24 చక్రాలు తేడా. సిగ్నల్‌కీ టెంప్లేట్‌కీ అర చక్రం ఎడం వస్తేనే గుణకారంలో కూడాల్సినవి కొట్టేసుకుంటాయి. 24 చక్రాలు తప్పాక మీరు చూస్తున్న 5 దాదాపుగా నాయిసే.

అదే లెక్క స్పిన్‌కి వేసి చూడండి. రెండు స్పిన్లూ కక్ష్యా అక్షం వైపే ఉండి విలువ 0.2 అయితే, స్పిన్-కక్ష్య పదం 20 హెర్ట్జ్ నుంచి కలిపేది 3 నుంచి 4 చక్రాలు. అది కూడా విస్మరించదగ్గది కాదు, సరిపెట్టకపోతే ఎస్ఎన్ఆర్ పడిపోతుంది. కానీ 24 చక్రాల తప్పు మీద 4 చక్రాల సవరణ వేస్తే గ్రాఫులో ఏమీ కనిపించదు. మీకు జరిగింది ఇదే.

ఆ 3-4 చక్రాలు ఎందుకు పెరుగుతాయో కూడా రిపోర్టులో రాయండి. కక్ష్య తిరిగే దిక్కులోనే బిలాలు తిరుగుతుంటే స్పిన్-కక్ష్య బలం వికర్షణలా పనిచేస్తుంది. జంట ఇంకా దగ్గరికి వచ్చాకగానీ కలవదు. సిగ్నల్ పొడవు పెరుగుతుంది, చివరి పౌనఃపున్యమూ పెరుగుతుంది. స్పిన్ ఎదురు దిక్కులో ఉంటే తొందరగా కూలిపోతుంది, సిగ్నల్ పొట్టిదవుతుంది.

డేటాలో బాగా తెలిసేది రెండు స్పిన్లు విడివిడిగా కాదు, ద్రవ్యరాశుల బరువుతో తీసిన సగటు. దాన్నే కై-ఎఫెక్టివ్ అంటారు. మొదటి బిలం ద్రవ్యరాశిని దాని స్పిన్‌లో కక్ష్యా అక్షం వెంట ఉన్న భాగంతో గుణించాలి, రెండోదానికీ అలాగే చేసి కూడాలి, వచ్చినదాన్ని మొత్తం ద్రవ్యరాశితో భాగించాలి. ఈ సంఘటనకి అది 0.2 దరిదాపుల్లో ఉంది. కాబట్టి మీ ప్రాజెక్టులో ఒక బిలానికి 0.3, ఇంకోదానికి 0 అని తేల్చి రాయకండి, ఈ డేటా అంత చెప్పదు.

ఇంకో చిక్కుంది. కై-ఎఫెక్టివ్, ద్రవ్యరాశుల నిష్పత్తి ఒకదాని పని ఇంకోటి చేసిపెడతాయి. ధన స్పిన్ ఉన్న సిగ్నల్ మీద స్పిన్ లేని టెంప్లేట్లే వేస్తే, ద్రవ్యరాశుల్ని సమానం వైపు జరిపిన టెంప్లేట్ ఒకటి బాగానే అతుక్కుంటుంది. ఎస్ఎన్ఆర్‌లో పెద్ద నష్టం కనిపించదు, ద్రవ్యరాశులు మాత్రం తప్పు వస్తాయి. దీనికి రెండు న్యూట్రాన్ తారలు కలిసిన జీడబ్ల్యూ170817ని మించిన ఉదాహరణ లేదు. స్పిన్ 0.05 లోపే అనుకుంటే రెండు తారలు 1.36 నుంచి 1.60, 1.17 నుంచి 1.36 మధ్య వచ్చాయి. స్పిన్‌ని 0.89 దాకా అనుమతిస్తే అవే 1.36 నుంచి 2.26, 0.86 నుంచి 1.36 దాకా సాగాయి. డేటా అదే, మారింది స్పిన్ మీద పెట్టుకున్న హద్దు.

కాబట్టి ఒక్క టెంప్లేట్‌తో ఆగకండి, చిన్న గ్రిడ్ వేయండి. చిర్ప్ ద్రవ్యరాశి 9.5 నుంచి 9.9 దాకా 0.02 చొప్పున 21 విలువలు. నిష్పత్తి 0.3 నుంచి 1 దాకా 0.1 చొప్పున 8. స్పిన్ మైనస్ 0.2 నుంచి 0.6 దాకా 0.1 చొప్పున 9, రెండు బిలాలకీ ఒకే విలువ. మొత్తం 1512 టెంప్లేట్లు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. గరిష్ఠ ఎస్ఎన్ఆర్‌ని నిష్పత్తి, స్పిన్ అక్షాల మీద రంగులతో గీయండి. ఏటవాలుగా ఒక గట్టు కనబడుతుంది. పైన చెప్పిన చిక్కు మీ కళ్లతో మీరే చూసినట్టవుతుంది.

పటమట_డేటా

కృష్ణలంక గారు అసలు తప్పు పట్టేశారు. అంచుల్లో లేచే శిఖరాల సంగతి నేను చెప్తాను.

చిర్ప్ ద్రవ్యరాశి 9.7 ఉన్న టెంప్లేట్ 20 హెర్ట్జ్ నుంచి మొదలైతే 5 సెకన్లు ఉంటుంది. 15 నుంచి 10.7 సెకన్లు. 10 నుంచి అయితే దాదాపు 32 సెకన్లు. మీ ఫైలే 32 సెకన్లు! ఎఫ్‌ఎఫ్‌టీ (డేటాని పౌనఃపున్యాల్లోకి మార్చే లెక్క) డేటాని గుండ్రంగా చుట్టినట్టు చూస్తుంది, చివర మిగిలింది మొదటికి వచ్చి కలుస్తుంది. టెంప్లేట్ పొడవంత మేర డేటా ఈ చుట్టుకోవడంలో పాడవుతుంది. పైగా మీరు 15 దగ్గర హైపాస్ చేసి, టెంప్లేట్‌ని 10 నుంచి మొదలుపెట్టారు. 10 నుంచి 15 మధ్య డేటాలో పవర్ లేదు, పీఎస్‌డీ అక్కడ చిన్నదైపోయింది, దాంతో భాగిస్తే ఫలితం పేలిపోతుంది. అన్నట్టు, ఈ బహిరంగ డేటా 10 హెర్ట్జ్ కింద కాలిబ్రేట్ చేసినది కాదు, కిందికి పోయి లాభం లేదు.

ఇలా మార్చండి. 4096 సెకన్ల ఫైలు తీసుకోండి. హైపాస్ 15 దగ్గరే ఉంచి, ఫిల్టర్ కింది హద్దు 20 పెట్టండి. హైపాస్ అయ్యాక రెండు చివరలా 2 సెకన్లు కత్తిరించండి. పీఎస్‌డీని సంఘటనకి అటూ ఇటూ ఉన్న కొన్ని వందల సెకన్ల డేటా నుంచి తీయండి. 4 సెకన్ల ముక్కలు, సగం సగం ఒకదానిమీదొకటి వచ్చేలా, సగటు బదులు మధ్యగతం. 32 సెకన్ల ఫైలులో 4 సెకన్ల ముక్కలు 15కి మించి రావు. వాటిల్లో ఒక్క గ్లిచ్ (పరికరంలో క్షణకాలం లేచే నాయిస్) పడినా సగటు మొత్తం పైకి లేస్తుంది, మీ ఎస్ఎన్ఆర్ కిందికి పోతుంది. తర్వాత పీఎస్‌డీని డేటా పొడవుకి సరిపోయేలా ఇంటర్‌పోలేట్ చేసి, దాని విలోమాన్ని కాలంలో 4 సెకన్లకి కుదించండి. ఈ కుదింపు మరిచిపోతే పీఎస్‌డీలో సూదుల్లా ఉన్న గీతలు ఫిల్టర్‌ని చాలా దూరం మోగిస్తాయి.

ఆ గీతలు ఏవో కూడా గ్రాఫులో గుర్తుపట్టి పెట్టుకోండి. 60, 120, 180 హెర్ట్జ్ దగ్గరవి అమెరికా కరెంటువి. మనకు అలవాటైన 50 అక్కడ ఉండదు. మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔండాలో లైగో ఇండియా పనిచేయడం మొదలెట్టాక 50, 100, 150 దగ్గర చూడాల్సి వస్తుంది. 500 హెర్ట్జ్ చుట్టూ గుంపుగా ఉన్నవి అద్దాలు వేలాడే గాజు తీగల మోత.

శిఖరం తప్పు సమయంలో రావడానికి రెండో కారణం కూడా ఉండొచ్చు. కాలంలో తయారైన టెంప్లేట్ వాడితే విలీన క్షణాన్ని శ్రేణి మొదటికి వచ్చేలా చుట్టి జరపాలి. పౌనఃపున్యంలో తయారయ్యే ఐఎంఆర్‌ఫినామ్‌డీని నేరుగా తీసుకుంటే అది ముందే అక్కడ ఉంటుంది, మళ్లీ జరపకూడదు. ఇందులో పొరపాటు జరిగితే శిఖరం టెంప్లేట్ పొడవంత, ఇక్కడ ఓ 5 సెకన్లు, పక్కకి పోతుంది. సరైన జీపీఎస్ సమయం 1135136350.6 దగ్గర. మన టైములో ఉదయం 9 గంటల 8 నిమిషాల 53 సెకన్లు.

రెండు డిటెక్టర్లలో శిఖరాల తేడా 1.1 మిల్లీసెకన్లు రావాలి, లివింగ్‌స్టన్ ముందు. రెండిటి మధ్య దూరం 3000 కిలోమీటర్లు, కాంతికి 10 మిల్లీసెకన్లు. అంతకు మించి తేడా వస్తే అది ఒకే తరంగం కాదు. మీ 2048 రేటులో ఒక నమూనా 0.49 మిల్లీసెకన్లు, కాబట్టి 1.1 అంటే రెండు నమూనాల పైచిలుకు. ఇంకా సన్నగా చూడాలంటే శిఖరం చుట్టూ మూడు బిందువులకి పరావలయం అతికించండి.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ

ఇద్దరికీ చాలా థాంక్సండి. 15.5, 8.2 పెట్టి, 4096 సెకన్ల ఫైలుతో, 20 హెర్ట్జ్ నుంచి చేశాం. హాన్‌ఫర్డ్ 9 దాటింది, సరైన సమయంలోనే. లివింగ్‌స్టన్ 7 పైన. గ్రిడ్ రాత్రికి నడుపుతాం.

గైడ్ సార్ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. స్పిన్ కక్ష్యా అక్షానికి వాలుగా ఉన్నప్పుడు కూడా ఇదే కోడ్‌లో టెంప్లేట్ పేరు మార్చి, స్పిన్‌కి మూడు దిక్కుల విలువలూ ఇస్తే సరిపోతుందా? అసలు సెర్చ్‌లు ఆ పని ఎందుకు చేయవు?

చంద్రశేఖర_హద్దు

సరిపోదు. కోడ్ ఎర్రర్ ఇవ్వకుండా ఒక సంఖ్య ఇస్తుంది, అది తప్పు సంఖ్య. అదే ప్రమాదం.

కారణం ఇదీ. మామూలు మ్యాచ్డ్ ఫిల్టర్ మీరిచ్చిన ఒక్క ప్లస్ ధ్రువణాన్ని తీసుకుని, క్రాస్ ధ్రువణం దానికి సరిగ్గా 90 డిగ్రీల దశ తేడా అని నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే తెలియని దశ మీద గరిష్ఠాన్ని ఒక్క సంకీర్ణ సంఖ్య పరిమాణంగా తీసేస్తుంది. స్పిన్ నిలువుగా, అంటే కక్ష్యా అక్షం వెంట ఉండి, ప్రధాన రీతి మాత్రమే ఉన్నంతవరకు అది నిజం. స్పిన్ వాలగానే కక్ష్యాతలం బొంగరం తల తిప్పినట్టు మొత్తం కోణీయ ద్రవ్యవేగం చుట్టూ తిరుగుతుంది. మనం ఒకసారి ఆ జంటని ఎదురుగా, ఒకసారి పక్క నుంచి చూస్తాం. రెండు ధ్రువణాల నిష్పత్తి కాలంతో మారిపోతుంది. ఆకాశంలో దిక్కు, ధ్రువణ కోణం, ఏ దశలో మొదలైంది అన్నవన్నీ తరంగం ఆకారాన్నే మార్చేస్తాయి, ఒక్క గుణకంతో బయటికి తీయలేం. వాలు టెంప్లేట్‌కి రెండు ధ్రువణాలూ కలిపి గరిష్ఠం తీసే సూత్రం వేరుగా రాసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. వాలు స్పిన్‌కి స్థిరమైన దిక్కు ఉండదు, కాబట్టి ఏ పౌనఃపున్యం దగ్గర ఆ మూడు విలువలు ఇస్తున్నామో చెప్పాలి. 20 హెర్ట్జ్ అని రిఫరెన్స్ పెట్టి, అన్ని రన్‌లలో అదే ఉంచండి. ఒకరు 20, ఇంకొకరు 50 పెడితే అంకెలు ఒకటే అయినా జంటలు వేరు. ఐఎంఆర్‌ఫినామ్‌డీకి నిలువు స్పిన్ తప్ప తెలియదు. వాలు స్పిన్‌కి ఐఎంఆర్‌ఫినామ్‌ఎక్స్‌పీ లాంటిది కావాలి.

సెర్చ్‌లు ఎందుకు చేయవన్నదానికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. స్వేచ్ఛ ఇచ్చినకొద్దీ టెంప్లేట్ సిగ్నల్‌కే కాదు, నాయిస్‌కీ బాగా అతుక్కుంటుంది. మామూలు టెంప్లేట్‌లో స్వేచ్ఛా పరిమితులు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) రెండు. గాసియన్ నాయిస్ ఒక క్షణంలో ఎస్ఎన్ఆర్ 5.5 దాటే సంభావ్యత కోటికి 2.7. వాలు స్పిన్ కోసం 2003లో బువోనన్నో, చెన్, వల్లిస్నెరి ప్రతిపాదించిన టెంప్లేట్లలో పరిమితులు ఆరు. అదే 5.5 దాటే సంభావ్యత 130 రెట్లు పెరుగుతుంది. తప్పుడు అలారాలు మునుపటంతే ఉండాలంటే హద్దుని 6.4కి లేపాలి. ఎస్ఎన్ఆర్ దూరానికి విలోమం కాబట్టి చూడగల దూరం 14 శాతం తగ్గి, వెతికే ఘనపరిమాణం 37 శాతం పోతుంది. టెంప్లేట్ ఎక్కువ అతుక్కుని తెచ్చిన లాభం ఈ నష్టాన్ని దాటితేనే ఆ పని దండగ కాదు. లైగో మూడో విజ్ఞాన రన్ డేటాలో ఆ టెంప్లేట్లతో నిజంగానే వెతికారు, ఏమీ దొరకలేదు. ఆ తర్వాత నిలువు స్పిన్ టెంప్లేట్ల బ్యాంకుల (సముదాయాల) వైపు మళ్లారు. 2015లో మొదటి పరిశీలన రన్‌కి వాడిన బ్యాంకులో సుమారు రెండున్నర లక్షల టెంప్లేట్లు, అన్నీ నిలువు స్పిన్‌వే.

అయితే నిలువు బ్యాంకుతో అన్నీ దొరుకుతాయని అనుకోవద్దు. బరువైన కృష్ణబిలం, తేలికైన న్యూట్రాన్ తార, బిలం స్పిన్ బాగా వాలుగా, మనకు జంట అంచు వైపు నుంచి కనబడుతోంది అనుకోండి. నష్టం ఇక్కడే ఎక్కువ. ఎస్ఎన్ఆర్ తగ్గడంతో ఆగదు. సిగ్నల్ పవర్ వేర్వేరు పౌనఃపున్యాల్లో టెంప్లేట్ చెప్పినట్టే ఉందా అని చూసే కై-స్క్వేర్ పరీక్షలో కూడా ఆ నిజమైన సిగ్నల్ గ్లిచ్‌లా కనబడి రెండోసారి దెబ్బ తింటుంది. లెక్క చూడండి: తగ్గించిన కై-స్క్వేర్ 1 దాటితే, దాని ఘనానికి 1 కలిపి, సగం చేసి, ఆరో మూలం తీసి ఎస్ఎన్ఆర్‌ని దాంతో భాగిస్తారు. ఎస్ఎన్ఆర్ 12, కై-స్క్వేర్ 3 అయితే మిగిలేది 7.7. ఈ పరీక్ష లేకుండా బతకలేం కూడా. బ్లిప్ అనే చిటికెడు గ్లిచ్‌లు ఎదురు స్పిన్ ఉన్న పొట్టి బరువైన టెంప్లేట్లని ఇట్టే మోగిస్తాయి.

మధ్యేమార్గం ఒకటి నాకు బాగా నచ్చింది, మీ సార్‌కి చూపించండి. వాలు స్పిన్ తరంగాన్ని ఐదు హార్మోనిక్‌ల మొత్తంగా విడదీయొచ్చు. ఒక్కోదానిలో ఊగుడు ఉండదు. చాలా జంటలకి వాటిలో పెద్దవి రెండు చాలు. ఆ రెండిటి ఫిల్టర్ ఫలితాలనీ విడిగా తీసి కలిపితే స్వేచ్ఛ రెండు నుంచి నాలుగుకే పెరుగుతుంది. ఊగుడంటే ఆ రెండు హార్మోనిక్‌ల మధ్య విస్పందనాలే. ఇంటర్‌లో చదివిన శబ్దపు బీట్లే ఇవి.

పురస్సరణం కనబడిందని చెప్పే ముందు డేటా శుభ్రత చూసుకోవాలి. 2020 జనవరి 29 నాటి జీడబ్ల్యూ200129లో బలమైన పురస్సరణం ఉందన్నారు. లివింగ్‌స్టన్‌లో అదే సమయంలో పడ్డ గ్లిచ్‌ని ఎలా తీసేశామన్నదాని మీద ఆ ఆధారం నిలబడుతుందా లేదా అన్నది ఉంటుందని తర్వాతి విశ్లేషణ చూపింది.

పటమట_డేటా

ఒక్క మాట కలుపుతాను. 1512 టెంప్లేట్లలో గరిష్ఠం ఏరుకున్నాక ఆ సంఖ్యకి ప్రాముఖ్యత ఎంతో చెప్పాలిగా. ఒక డిటెక్టర్ డేటాని 0.1 సెకను చొప్పున జరుపుతూ పోతే కాకతాళీయపు జోడీల లెక్క, అంటే నేపథ్యం, వస్తుంది. కానీ 4096 సెకన్ల ఒక్క ఫైలుతో తయారయ్యే నేపథ్యం 5.3 సంవత్సరాలే (4096 వర్గాన్ని 0.1తో భాగించండి). అంతకంటే అరుదని మీరు రాయలేరు. మొట్టమొదట దొరికిన గురుత్వ తరంగం జీడబ్ల్యూ150914కి 16 రోజుల డేటాతో 6,08,000 సంవత్సరాల నేపథ్యం వచ్చింది, మూడు తరగతులుగా వెతికారు కాబట్టి మూడుతో భాగించి 2,03,000కి ఒకటి కంటే అరుదని ప్రకటించారు.

కృష్ణలంక

గ్రిడ్ అయ్యాక ఇది తప్పకుండా చేయండి. సంఘటనకి కనీసం 200 సెకన్ల దూరంలో, గ్లిచ్ లేని చోట, మీరే ఒక సిగ్నల్ కలపండి: 15.5, 8.2, నిలువు స్పిన్ 0.2, దూరాన్ని ఎస్ఎన్ఆర్ 10 వచ్చేలా సర్దండి. ముందు స్పిన్ సున్నా టెంప్లేట్లతో, తర్వాత స్పిన్ ఉన్నవాటితో తిరిగి తీయండి. మళ్లీ స్పిన్ 0.6, 0.9తో. చివర అదే జంటకి స్పిన్‌ని 60 డిగ్రీలు వాల్చి. ప్రతిసారీ నాలుగు అంకెలు రాసుకోండి: పెట్టిన ఎస్ఎన్ఆర్, వచ్చిన ఎస్ఎన్ఆర్, కై-స్క్వేర్, వచ్చిన ద్రవ్యరాశుల నిష్పత్తి. ఒక్కచోట కలిపి చూస్తే నాయిస్ ఎటైనా లాగొచ్చు, కాబట్టి ఒక్కో రకానికి ఇరవై వేర్వేరు సమయాల్లో కలపండి.